కాగితం మీద చనిపోయినవాడు

"నేను సంతకం పెట్టను," అంది చిన్నకోడలు. పెన్నుకు మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా ఉంచింది.

కత్తిరింపు బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. బల్ల మీద ఫ్యాక్టరీ యూనిఫారాల బట్ట సగం కత్తిరించి వదిలేసి ఉంది. తొమ్మిది రోజులుగా అది అలాగే ఉంది. దాని మీద ఆ కాగితం.

"పన్నెండు గంటలకు ఆఫీసు మనిషి వస్తాడు," అన్నాడు ఆమె మొగుడు. "ఇప్పుడు పదిన్నర."

"గడియారం నాకూ కనబడుతోంది."

"మరి పెట్టు."

"ఏమని పెట్టను? నువ్వే చదువు. గట్టిగా చదువు." కాగితాన్ని అతని వైపు తోసింది. "'నా భర్త మృతదేహాన్ని స్వదేశానికి పంపవలసిందిగా కోరుతున్నాను.' కింద నా పేరు. నా భర్త ఎవరు? నువ్వే కదా. నా ఎదురుగా కూర్చుని రెండో గ్లాసు టీ తాగుతున్నావు."

అతను గ్లాసు కింద పెట్టేశాడు.

పెద్దకోడలు బల్ల అంచున ఉన్న సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతోంది. ఆమెకు ఏదైనా అనే హక్కు ఉంటే, ఆ కాగితం ఆమె ముందే ఉండేది.

పోయింది ఆమె భర్త. పందొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి. కానీ రెండేళ్ల కిందట అతను పరాయి దేశం వెళ్లింది తమ్ముడి పేరు మీద. అక్కడి ఓడల కర్మాగారం వాళ్లు నలభై దాటిన వెల్డర్లను తీసుకోబోమన్నారు. అతనికి అప్పటికే నలభై మూడు. సిటీ బస్సు నడిపే తమ్ముడికి, ఆమె మరిదికి, ముప్పై ఎనిమిది. ఆ తమ్ముడి పాస్‌పోర్టు ఒకటి, ఎప్పుడో సరదాపడి తీయించుకున్నది, వాడకుండా అలమరలో పడి ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు. పాస్‌పోర్టు ఫోటోలో తమ్ముడికి మీసం లేదు కాబట్టి, అన్న మీసం తీసేసి, తమ్ముడి పేరు పెట్టుకుని విమానం ఎక్కాడు.

"ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లే. ఎవరి పేరు మీద ఎవరు వెళితే ఏం," అంది అత్తగారు ఆ రోజు. అందరూ నవ్వారు. ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడు, "ఏరా చిన్నోడా, వేళకి తింటున్నావా?" అని అన్నను ఆటపట్టించేవాడు. అటువైపు నుంచి, "తింటున్నానన్నయ్యా," అని వినయంగా జవాబు వచ్చేది.

ఇప్పుడు అక్కడి చల్లటి గదిలో ఆ కాలివేలికి కట్టిన చీటీ మీద తమ్ముడి పేరే ఉంది. పాస్‌పోర్టులో భార్య పేరున్న చోట చిన్నకోడలి పేరు ఉంది. అడగవలసింది ఆవిడే. ఆ కాగితాల లెక్కలో పెద్దకోడలు చనిపోయినవాడికి వదిన.

"నిజం చెప్పేద్దాం," అంది చిన్నకోడలు. "తప్పు చేశాం, ఒప్పుకుందాం. ఏం చేస్తారు, కొడతారా?"

"అక్కడికి పంపిన ఏజెంటు ఏమన్నాడో విన్నావుగా."

"ఇంకోసారి అడుగు. అందరం విందాం."

మరిది ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు. నాలుగోసారికి ఏజెంటు ఎత్తాడు. గొంతులో విసుగు లేదు, అదే భయంగా ఉంది. ఇలాంటి మాటలు చాలాసార్లు చెప్పినవాడి గొంతు.

"నిజం చెబుతామంటే చెప్పండి, ఎవరాపారు?" అన్నాడు. "చెప్పిన మరుక్షణం అది మీ అన్నగారి శరీరం కాదు, కేసులో సాక్ష్యం. కేసు తేలేదాకా అక్కడినుంచి కదలదు. ఒకాయన నాలుగేళ్లు ఉన్నాడు, తెలుసా? కాగితాలు సరిగ్గా ఉంటే వారంలో ఇంటికి వస్తాడు. ఇరవై ఎనిమిది లోపు అందాలి. అందకపోతే వాళ్లే పూడ్చేస్తారు. ఇవాళ తారీఖు ఎంత?"

"ఇరవై రెండు, సోమవారం."

"మరి మీ ఇష్టం."

"నా సంగతేంటి?" అన్నాడు మరిది. "కాగితం మీద పోయింది నేనే కదా?"

"తర్వాత సరిచేసుకోవచ్చు."

"ఎక్కడ సరిచేస్తారండీ?" అంది చిన్నకోడలు ఫోన్ మీదకు వంగి. "నేను పదకొండేళ్లుగా ఆసుపత్రి రిజిస్టర్లు రాస్తున్నాను. పోయినవాళ్ల పుస్తకంలో ఒకసారి పేరు ఎక్కాక తీయడం నేనెప్పుడూ చూడలేదు. పోయినవాణ్ని బతికించే ఆఫీసు ఏదో చెప్పండి, ఇప్పుడే వెళతాను."

అటువైపు ఫోన్ పెట్టేశాడు.

పెద్దకోడలికి ఒక్క మాటే చెవిలో నిలిచింది. వాళ్లే పూడ్చేస్తారు. మొన్న అడిగితే ఏజెంటు చెప్పాడు, సమాధి రాయి మీద పేరు ఉండదట, నంబరు ఉంటుందట. కుట్టిన యూనిఫారాలు కట్టలు కట్టి, పైన చీటీ గుచ్చి, నంబరు వేసి పంపడం ఆమె రోజూ చేసే పనే. ఆ కట్టలు ఎవరికి వెళతాయో ఆమెకు ఎప్పుడూ తెలియదు.

---

పెద్దకోడలు వంటగదిలో నీళ్లు పట్టుకోవడానికి వెళితే, చిన్నకోడలు వెనకాలే వచ్చింది. కుళాయి కింద గిన్నె నిండుతోంది.

"నన్ను తిట్టుకుంటున్నావు కదక్కా?"

"లేదు."

"తిట్టుకో. పైకి అనకపోతే మరీ కష్టంగా ఉంది." గోడకు ఆనుకుంది. "రేపు ఈయన బస్సు ఎక్కితే, లైసెన్సు ఎవరిదంటారు. పోయినవాడిదంటారు. పిల్ల స్కూల్లో ఏ మహానుభావుడో 'మీ నాన్న పోయాడట కదమ్మా' అంటే అది ఏం చెప్పాలి? 'కాగితం మీదే పోయాడండీ, సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి వస్తాడు' అనాలా?"

పెద్దకోడలి పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో మరొకటో ఆమెకే తెలియలేదు.

"అదీ కాక..." చిన్నకోడలు గొంతు తగ్గించింది. "పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆడటం లేదక్కా. నా భర్త మృతదేహం అని రాసి ఉంది. నా చేత్తో నేను దాని కింద పేరు రాయాలి. ఆయన బతికుండగా."

కుళాయి కట్టేసింది పెద్దకోడలు. గిన్నె నిండి నీళ్లు కాళ్ల మీద పడుతున్నాయని అప్పుడు చూసుకుంది.

"నీ చోట నేనున్నా పెట్టను," అంది.

అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. చిన్నకోడలికి అది తెలుసు. అందుకే ఆమె ముఖం మరింత పాలిపోయింది.

అప్పుడే వీధిలో మోటారు సైకిల్ ఆగిన చప్పుడైంది. అత్తగారు ముందుగదిలోంచి పిలిచింది. "పెద్దమ్మాయ్, ఎవరో వచ్చారు. చేతిలో ఫైలుంది."

పదకొండు కూడా కాలేదు.

మరిది రెండు అంగల్లో వెనకగదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నాడు. అతను కనబడకూడదు. ఫైల్లో ఉన్న పాస్‌పోర్టు ఫోటో అతనిదే.

---

గుమస్తా బక్కపలచటి మనిషి. చెప్పులు బయట విడిచి, ఫైలు గుండెకు ఆనించుకుని లోపలికి వచ్చాడు. తెల్లటి గుడ్డతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కేకలు వేసే మనిషి అయితే బాగుండేది, ఈయన గొంతు మరీ మెత్తగా ఉంది.

"ముందే వచ్చాను, ఏమనుకోకండి. పక్క వీధిలో పని తొందరగా అయిపోయింది," అన్నాడు. "ఇలాంటి ఇంట్లో ప్రశ్నలు వేయడం నాకూ ఇష్టం ఉండదు. ఆయన భార్య ఎవరమ్మా?"

పెద్దకోడలు కుర్చీలోంచి సగం లేచింది. లేచాక గాని తెలియలేదు.

"మంచినీళ్లు తెస్తాను," అంది.

"నేనండీ," అంది చిన్నకోడలు ఆమె వెనకనుంచి.

నీళ్లు తెచ్చేసరికి గుమస్తా అత్తగారి ఎదుట కూర్చుని ఉన్నాడు. "మీకు ఎంతమంది పిల్లలమ్మా?"

"ఇద్దరు కొడుకులు."

"పోయింది పెద్దాయనా, చిన్నాయనా?"

అత్తగారు చీర కొంగును వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది.

"కన్నదానికి పెద్దా చిన్నా ఏముంది బాబూ," అంది. "పోయాడు."

గుమస్తా తల ఊపాడు. తనే కాగితం చూసి "చిన్న కుమారుడు" అని రాసుకున్నాడు.

"అన్నగారున్నారని ఉంది. పిలవండి. సాక్షిగా ఆయన సంతకం కావాలి."

ఆ కాగితాల్లో పోయినవాడికి అన్న ఉన్నాడు, బతికే ఉన్నాడు. ఈ సంగతి తొమ్మిది రోజుల్లో ఎవరికీ తట్టలేదు.

"పనికి వెళ్లారండీ," అంది చిన్నకోడలు.

"అయ్యో. అయితే నేను మళ్లీ రావాలి." చిన్న పుస్తకం తీసి వేలితో వెతికాడు. "మధ్యలో ఖాళీ లేదు. వచ్చే సోమవారం వస్తాను."

వచ్చే సోమవారం ఇరవై తొమ్మిది. పెద్దకోడలు మళ్లీ లెక్కపెట్టుకుంది. ఎలా లెక్కపెట్టినా ఇరవై తొమ్మిదే.

"వేరే దారి లేదాండీ?" అంది.

"నా చేతిలో ఉంటే చేయనా అమ్మా?"

ఫైలు తాడు ముడి వేస్తున్నాడు. అప్పుడు వెనకగది తలుపు తెరుచుకుంది.

"నేనున్నానండీ," అన్నాడు అక్కడ నిలబడినవాడు.

పెద్దకోడలి చేతిలోంచి గ్లాసు జారింది. స్టీలు గ్లాసు, దొర్లుకుంటూ బల్ల కిందకు పోయింది. నీలిరంగు చొక్కా. ఎడమ జేబును తనే రెండు వేళ్ల కిందకు కుట్టింది, వంగినప్పుడు పెన్ను పడిపోకుండా. అది ఆయన చొక్కా. తలుపు వెనక కొక్కేనికి రెండేళ్లుగా తగిలించి ఉన్నది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె మనసు ఏజెంటునీ ఫోన్‌నీ చల్లటి గదినీ అన్నిటినీ అబద్ధం చేసేసింది.

తర్వాత మీసం కనబడింది. ఆయన వెళ్లేటప్పుడే మీసం తీసేశాడు. మరిది.

"పనికి వెళ్లారన్నారు?" అన్నాడు గుమస్తా.

"నేను వెళ్లారనుకున్నాను," అంది చిన్నకోడలు. "స్నానం చేస్తున్నట్టున్నారు."

గుమస్తా మరిది తలవైపు చూశాడు. జుట్టు పొడిగా ఉంది. ఫైలు మళ్లీ విప్పి పాస్‌పోర్టు నకలు తీశాడు. ఫోటో వైపు చూశాడు, ఎదుట ఉన్న మనిషి వైపు చూశాడు, మళ్లీ ఫోటో వైపు.

"అచ్చం ఒకేలా ఉన్నారే."

"అన్నదమ్ములం కదండీ."

"మీసం ఒక్కటే తేడా."

"వాడికి మీసం అంటే పడదండీ," అన్నాడు మరిది. నుదుటి చెమట కనుబొమ్మ దాకా జారింది. తుడుచుకోలేదు.

"మీ గుర్తింపు కార్డు?"

అందరి చూపూ పెద్దకోడలి మీదకు వెళ్లింది. ఆయన కార్డు ఇంట్లోనే ఉంది. తమ్ముడి పేరుతో వెళుతూ తన పేరు అలమరలో వదిలి వెళ్లాడు. ఆమె వెళ్లి తెచ్చింది. పదేళ్ల నాటి ఫోటో. తెస్తూ దాన్ని ఒకసారి బొటనవేలితో కప్పింది, ఎవరి కంటికీ కనబడకుండా చేయగలిగితే బాగుండునన్నట్టు.

గుమస్తా చూసి తిరిగి ఇచ్చాడు, ఆమెకు కాదు, మరిదికి. "ఈవిడ?"

మరిది నేలకేసి చూశాడు. "నా భార్య."

చిన్నకోడలు కూర్చున్న స్టూలు కిర్రుమంది.

గుమస్తా రాసుకున్నాడు. మరిది అన్న పేరుతో సంతకం పెట్టాడు. పెట్టి, చెయ్యి చొక్కాకు రుద్దుకోబోయి, ఎవరి చొక్కానో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఇక మీరమ్మా," అన్నాడు గుమస్తా పెద్దకోడలితో. "ఇంట్లో పెద్దవాళ్లందరి మాటా రాసుకోవాలి, ఎవరికి వాళ్లే చెప్పాలి. చనిపోయినాయన మీకు ఏమవుతారు?"

ఆ కాగితంలో ఆమె కోసం ఒక గీత ఖాళీగా ఉంది. చిన్న గీత. అందులో ఒకే ఒక మాట పడుతుంది.

అత్తగారు కళ్లు మూసుకుంది. మరిది గోడకేసి తిరిగాడు. చిన్నకోడలు మాత్రం చూపు తిప్పుకోలేదు. రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది.

"మరిది," అంది పెద్దకోడలు.

పందొమ్మిదేళ్లుగా రోజుకు పదిసార్లు అంటున్న మాటే. నోట్లోంచి సులువుగానే వచ్చింది. అంత సులువుగా వచ్చినందుకే ఆమె కుర్చీ అంచు పట్టుకుంది.

"ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడారు?"

"ఆ రోజు పొద్దున. లేచి ఇంకా పళ్లు తోముకోలేదన్నారు."

"మీతోనా?"

"ఇంట్లో అందరితో."

గుమస్తా పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత కదిలింది.

"ఇక భార్యగారి సంతకం ఒక్కటే," అన్నాడు.

చిన్నకోడలు లేచి బల్ల దగ్గరకు వచ్చింది. పెన్ను మూత తీసింది. ఆసుపత్రి రిజిస్టర్లు రాసే చెయ్యి, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ అక్షరాలు ఈరోజు గీత దాటి కిందికి జారాయి. పేరు రాయడం పూర్తి చేసి, కాగితాన్ని గుమస్తా వైపు కాకుండా, ముందు పెద్దకోడలి వైపు తిప్పి చూపించింది. పిల్లలు దస్తూరి చూపించినట్టు.

ఎవరూ ఏడవలేదు. అది కూడా గుమస్తా చూశాడేమో, తెలియలేదు.

---

"చాలామటుకు అయిపోయినట్టే," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "ఇరుగుపొరుగులో ఒకరి మాట రాసుకుంటే సాయంత్రానికి పంపించేస్తాను."

"ఇరుగుపొరుగా?" అన్నాడు మరిది.

"మామూలేనండీ. రెండు నిమిషాల పని."

ఆయన వీధి దాటుతుంటే నలుగురూ ఉన్నచోటే ఉండిపోయారు.

ఆఫీసుకు ఏం చెప్పాలో తొమ్మిది రోజులు కూర్చుని మాట్లాడుకున్నారు. వీధికి ఏం చెప్పారో ఎవరూ ఆలోచించలేదు. వీధికి నిజమే చెప్పారు. పెద్దాడు పోయాడని కబురు వచ్చిన పూట అత్తగారి ఏడుపు నాలుగిళ్ల అవతలికి వినబడింది. వచ్చి పలకరించిన ప్రతివాళ్లూ పెద్దకోడలి చెయ్యే పట్టుకున్నారు.

గుమస్తా ఎదురింటి గేటు తీశాడు.

"మాస్టారింటికి వెళ్లాడు," అంది చిన్నకోడలు కిటికీ దగ్గరనుంచి. "ఇంకో ఇల్లు దొరకలేదా ఈయనకు?"

లెక్కల మాస్టారు. అన్నదమ్ములిద్దరికీ చదువు చెప్పినాయన. వెనకనుంచి చూసి కూడా ఎవరు పెద్దో ఎవరు చిన్నో చెప్పగలడు. లెక్కలో జవాబు సరిపోయినా, చేసిన దారి తప్పైతే మార్కు ఇచ్చేవాడు కాదు. మొన్న వచ్చినప్పుడు పెద్దకోడలి ఎదుట కాసేపు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు, "నా దగ్గర ఎన్ని దెబ్బలు తిన్నాడో, ఒక్కరోజు అబద్ధం చెప్పి తప్పించుకోలేదమ్మా మీ ఆయన," అని వెళ్లాడు.

"నేను పరుగెత్తుకెళ్లి చెప్పనా?" అన్నాడు మరిది.

"ఏమని? ఎవరుగా వెళతావు?" అంది అతని భార్య.

అతను వేసుకోబోయిన చెప్పును వదిలేశాడు.

వరండాలో మాస్టారు లేచి నిలబడ్డాడు. గుమస్తా ఏదో అడిగాడు. మాటలు ఇటు వినబడటం లేదు. మాస్టారు తల తిప్పి ఈ కిటికీ వైపు చూశాడు. పెద్దకోడలు పక్కకు తప్పుకోలేదు. ఆయన కళ్లు ఆమెను చూశాయో లేదో, అంత దూరం నుంచి ఆమెకు తెలియదు. మాస్టారు ముందు చిన్నగా తల ఊపాడు. తర్వాత మాట్లాడాడు.

చాలాసేపు మాట్లాడాడు. ఒక పేరు చెప్పడానికి అంతసేపు పట్టదు.

గుమస్తా నిలబడే రాసుకుంటున్నాడు. రాసింది చదువుకున్నాడు. ఫైల్లోంచి ఆ పాస్‌పోర్టు నకలు తీసి మాస్టారికి చూపించాడు. మాస్టారు కళ్లద్దాలు పైకెత్తి దగ్గరగా చూశాడు. అప్పుడు ఆయన చెయ్యి లేచింది, వేలు ఈ ఇంటి వైపు తిరిగింది.

"అయిపోయింది," అన్నాడు మరిది. వెనకగది వైపు ఒక అడుగు వేసి, దాక్కోవడానికి ఇక అర్థం లేదని ఆగాడు.

గుమస్తా గేటు మూశాడు. మోటారు సైకిల్ దగ్గరకు వెళ్లలేదు. వీధి మధ్యలో ఒకసారి ఆగి, చేతిలోని ఫైలు వైపు చూసుకుని, నేరుగా వీళ్ల గుమ్మం వైపు నడిచి వస్తున్నాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

"తలుపు వెయ్యనా?" అంది అత్తగారు. ఆ గొంతు పసిపిల్ల గొంతులా ఉంది.

"వద్దత్తయ్యా. తీసే ఉండనివ్వండి."

పెద్దకోడలు కుర్చీని గుమ్మానికి ఎదురుగా జరుపుకుని కూర్చుంది. చిన్నకోడలు వచ్చి పక్కన నిలబడి ఆమె భుజం పట్టుకుంది.

"అక్కా, ఏం చెబుతావు?"

బయట మెట్ల దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. పోయినాయన మీకు ఏమవుతారని ఈసారి ఆయన మళ్లీ అడిగితే ఏం చెప్పాలో పెద్దకోడలికి తెలుసు. చెప్పాక తన భర్త ఎప్పటికైనా ఇంటికి వస్తాడో రాడో, అదొక్కటే తెలియదు.